ఇంట్లో నోడ్ మనదే, బయట వాలెట్ ఎవరిని అడుగుతోంది?

కాయిన్ల కీస్ దాచుకునే హార్డ్‌వేర్ వాలెట్ కొంటారు. వాలెట్‌ని తిరిగి తెచ్చుకోవడానికి పనికొచ్చే సీడ్ పదాలు స్టీలు రేకు మీద గుద్ది దాస్తారు. అక్కడితో ఆగకుండా ఓ చిన్న కంప్యూటర్‌లో బిట్‌కాయిన్ నోడ్ పెట్టి, మొత్తం బ్లాక్‌చెయిన్, అంటే లావాదేవీల చిట్టా, దింపుకుని, 2009 జనవరి నాటి మొదటి బ్లాక్ నుంచి ఒక్కొక్కటీ సొంతంగా సరిచూసుకుంటారు. ఇంత చేసినవాళ్లు కూడా ఇంటి వైఫై దాటి బయటికి రాగానే ఫోన్‌లో వాలెట్ తెరిచి, ఎవరు నడుపుతున్నారో తెలియని సర్వర్‌ని "నా దగ్గర ఎంతుంది?" అని అడుగుతారు. అలా అడుగుతున్నామన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. తెర మీద బ్యాలెన్స్ కనిపించింది, పక్కన పచ్చ చుక్క వెలిగింది, అంతే.

నా వాదన ఇది. సొంత నోడ్ ఉండటం వేరు, దాన్ని వాడుకోవడం వేరు. బయట ఉన్నప్పుడు కూడా వాలెట్ దాన్నే అడిగితేనే ఆ నోడ్ మనకి ఉన్నట్టు లెక్క. అయితే అందుకోసం నోడ్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టాల్సి వస్తే మాత్రం ఆ పని చేయకపోవడమే మేలు. నోడ్ దాకా వేసుకునే దారిలో మన చూపు వెళ్లి రావాలి. డబ్బు కదిలించగల అధికారం ఏదీ ఆ దారిన వెళ్లకూడదు. ఈ రెండిటినీ కలిపి ఆలోచించకపోవడం వల్లే, ఒకవైపు బద్ధకంతో పబ్లిక్ సర్వర్లకి అన్నీ చెప్పేసేవాళ్లు, ఇంకోవైపు ఉత్సాహంతో రూటర్‌లో పోర్టులన్నీ తెరిచేసేవాళ్లు తయారయ్యారు.

"ప్రైవేట్ కీస్ నా దగ్గరే ఉన్నాయి కదా, సర్వర్ ఎవరిదైతే నాకేంటి?" అనే మాట తరచూ వింటుంటాను. సగం నిజమే. ప్రైవేట్ కీతో పెట్టే మీ సంతకం లేకుండా ఏ సర్వరూ మీ కాయిన్లు కదపలేదు. కానీ వాలెట్ తెరిచిన ఆ రెండు మూడు సెకన్లలో అది అవతలివాళ్లతో ఏం మాట్లాడుతుందో వరసగా చూస్తే మిగతా సగం అర్థమవుతుంది.

వాలెట్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతుల్లో ఒకటైన ఎలక్ట్రమ్ ప్రోటోకాల్‌నే తీసుకుందాం. 2011లో వచ్చిన ఎలక్ట్రమ్ వాలెట్ కోసం పుట్టినా, ఇవాళ స్పారో, బ్లూవాలెట్ లాంటివి కూడా దీనితోనే పనిచేస్తున్నాయి. ముందు వాలెట్, సర్వర్ తమ తమ వెర్షన్లు చెప్పుకుంటాయి. కొత్త బ్లాక్ వచ్చినప్పుడల్లా హెడర్ పంపమని వాలెట్ కోరుతుంది. హెడర్ అంటే బ్లాక్ తలకట్టు, 80 బైట్లే, పెద్ద బరువు కాదు. ఆ తర్వాత మొదలవుతుంది అసలు కథ. వాలెట్ తన మొదటి అడ్రస్ తాలూకు స్క్రిప్ట్‌కి (ఖర్చుపెట్టే షరతుకి) హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి సంఖ్య, కట్టి, దీని మీద ఏం జరిగినా నాకు చెప్పు అని పంపుతుంది. వెంటనే రెండోది. మూడోది. వాడిన అడ్రస్‌లన్నీ అయ్యాక ఇంకా వాడని వాటిని కూడా పంపుతుంది, ఎందుకంటే వరసగా 20 అడ్రస్‌లు ఖాళీగా కనిపించేదాకా వెతకడం వాలెట్లకి అలవాటు. చిల్లర వెనక్కి వచ్చే అడ్రస్‌లది మళ్లీ ఇంకో వరస.

పంపింది హ్యాషే కదా అని ధీమా పడటానికి లేదు. సర్వర్ తన ఇండెక్స్ కట్టుకున్నదే ఆ హ్యాష్‌ల మీద. వాడిన అడ్రస్ అయితే అప్పటికప్పుడు, వాడనిది అయితే డబ్బు పడిన మరుక్షణం, అది ఏదో సర్వర్‌కి తెలిసిపోతుంది. చెయిన్ మీద ఎక్కడెక్కడో ఉన్న అడ్రస్‌లలో ఏవేవి ఒక మనిషివో ఊహించి చెప్పడమే వ్యాపారంగా పెట్టుకున్న కంపెనీలున్నాయి. ఇక్కడ ఊహించే శ్రమ కూడా వాళ్లకి లేదు. ఒకే కనెక్షన్‌లో, ఒకే ఐపీ అడ్రస్ నుంచి, మనమే జాబితా కట్టి ఇస్తున్నాం. పైగా ఇచ్చింది వెనక్కి రాదు. రేపు సొంత నోడ్‌కి మారినా నిన్నటి జాబితా వాళ్ల దగ్గర ఉండిపోవచ్చు. కొత్త సీడ్ తయారుచేసి కాయిన్లు అందులోకి తరలిద్దామంటే, ఆ తరలింపు కూడా చెయిన్ మీద అందరికీ కనబడుతూనే ఉంటుంది.

పబ్లిక్ సర్వర్ మన గురించి తెలుసుకుని ఊరుకుంటుందన్న హామీ కూడా లేదు. 2018 డిసెంబర్‌లో ఎలక్ట్రమ్ వాడేవాళ్ల మీద జరిగిన దాడిలో దొంగలు ఎవరి కీస్‌నీ ఛేదించలేదు. పబ్లిక్ సర్వర్లు ఎవరైనా పెట్టుకోవచ్చు కాబట్టి పెద్ద సంఖ్యలో పెట్టారు. ఎవరైనా ఆ సర్వర్ ద్వారా ట్రాన్సాక్షన్ పంపబోతే, దాన్ని ప్రసారం చేయకుండా ఒక ఎర్రర్ మెసేజ్ తిప్పి పంపారు: వాలెట్ అప్‌డేట్ చేసుకోండి, ఇదిగో లింక్ అని. అప్పటి ఎలక్ట్రమ్ ఆ మెసేజ్‌ని ఉన్నదున్నట్టు, లింక్‌తో సహా, తన సొంత కిటికీలో చూపించింది. వాలెట్టే చెబుతోంది కదా అని నమ్మి నకిలీ సాఫ్ట్‌వేర్ దింపుకున్నవాళ్ల కాయిన్లు పోయాయి. తొలి దెబ్బకే 200కు పైగా బిట్‌కాయిన్లు. ఆ లోపాన్ని తర్వాత సరిచేశారు. అయినా, సర్వర్ అనేది మన తెర మీదికి మాటలు పంపగల మనిషి అని ఆ ఉదంతం చూపించింది.

ఇంకో క్రిప్టో నెట్‌వర్క్ అయిన ఈథీరియం వైపు పరిస్థితి ఇంకా సూటిగా ఉంటుంది. మెటామాస్క్ వాలెట్ మొదటి నుంచీ ఇన్‌ఫ్యురా అనే నోడ్ సేవని అడిగేలా వస్తుంది. రెండూ కాన్సెన్సిస్ కంపెనీవే. ఇన్‌ఫ్యురా ద్వారా లావాదేవీ పంపినప్పుడు ఐపీ అడ్రస్, వాలెట్ అడ్రస్ రెండూ తమకి చేరతాయని 2022 నవంబర్‌లో ఆ కంపెనీయే తన ప్రైవసీ పాలసీలో రాసింది. దాని మీద పెద్ద గొడవ జరిగింది కానీ, నిజానికి అందులో కొత్త రహస్యమేమీ లేదు. ఎవరిని అడిగితే వాళ్లకి ప్రశ్న తెలుస్తుంది. అంతకు రెండేళ్ల ముందు, 2020 నవంబర్ 11న, ఇన్‌ఫ్యురా గెత్ అనే నోడ్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ నడుపుతూ చెయిన్ నుంచి పక్కకి తప్పుకుంది. ఆ కొన్ని గంటలు ఈథీరియం నడుస్తూనే ఉంది, చాలామంది వాలెట్లు మాత్రం దాన్ని చూడలేకపోయాయి. కొన్ని ఎక్స్‌ఛేంజీలు ఈథర్ (ఈథీరియం నాణెం) విత్‌డ్రాయల్స్ ఆపేశాయి.

న్యాయంగా ఒక మినహాయింపు చెప్పాలి. బీఐపీ (బిట్‌కాయిన్ మెరుగుదల ప్రతిపాదన) 157, 158 ఫిల్టర్లు వాడే వాలెట్లు అడ్రస్‌లు ఎవరికీ చెప్పవు. ప్రతి బ్లాక్‌కీ ఒక చిన్న ఫిల్టర్ దింపుకుని, తమకి సంబంధించింది అందులో ఉందేమో ఫోన్‌లోనే చూసుకుని, ఉంటే ఆ బ్లాక్ మొత్తం అడుగుతాయి. అంతకుముందు 2012లో వచ్చిన బీఐపీ 37 బ్లూమ్ ఫిల్టర్లు ఇదే పని చేస్తామని చెప్పి, వాలెట్ అడ్రస్‌లు దాదాపుగా బయటపెట్టేశాయి. అందుకే 2019లో బిట్‌కాయిన్ కోర్ అనే నోడ్ సాఫ్ట్‌వేర్ 0.19 వెర్షన్ వాటిని డిఫాల్ట్‌గా ఆపేసింది. కొత్త ఫిల్టర్ల వాలెట్ వాడేవాళ్లకి నేను చెప్పే దారితో పని తక్కువ. కానీ అలాంటివి కొన్నే ఉన్నాయి, పాత సీడ్‌ని మళ్లీ వెతికించాల్సి వచ్చినప్పుడు ఫోన్ చాలాసేపు కష్టపడాలి.

ఇక ఇంట్లో ఉండాల్సినవి. బిట్‌కాయిన్ కోర్ ఒక్కటే ఉంటే ఫోన్ వాలెట్‌కి చాలదు, ఎందుకంటే ఏ అడ్రస్‌లో ఏముందో చెప్పే ఇండెక్స్ కోర్ దగ్గర ఉండదు. దాని పక్కన ఒక ఎలక్ట్రమ్ సర్వర్, ఎలక్ట్‌ఆర్‌ఎస్ గానీ ఫల్క్రమ్ గానీ, నడపాలి. వీటికి కత్తిరించని పూర్తి చెయిన్ కావాలి. ఇప్పటికే అది 600 జీబీ దాటింది, ఇండెక్స్ అదనం. ఇవాళ డిస్క్ కొనేవాళ్లు ఒక టెరాబైట్‌తో సరిపెట్టుకోవాలని చూడకపోతే మంచిది. స్పారో లాంటి డెస్క్‌టాప్ వాలెట్ ఇండెక్స్ లేకుండా నేరుగా కోర్‌కే కనెక్ట్ అవగలదు, కానీ అప్పుడు మీ పబ్లిక్ కీస్‌తో ఒక వాచ్-ఓన్లీ (చూడటానికే పనికొచ్చే) వాలెట్ కోర్ లోపల తయారవుతుంది. ఆ వివరాలు నోడ్ డిస్క్ మీద తెరిచిన పుస్తకంలా ఉంటాయి. ఎలక్ట్రమ్ సర్వర్ దారిలో అలా కాదు. అది చెయిన్ మొత్తానికీ ఇండెక్స్ కట్టుకుంటుందే గానీ, అందులో మీవి ఏవో రాసిపెట్టుకోదు. నోడ్ ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఉండే యంత్రం. అందుకే ఎలక్ట్రమ్ సర్వర్ పద్ధతికే నా ఓటు.

ఇక్కడిదాకా ఇంట్లోనే. ఇంటి బయటి నుంచి ఆ ఎలక్ట్రమ్ సర్వర్‌ని చేరాలనగానే అందరికీ మొదట గుర్తొచ్చేది రూటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్, అంటే బయటివాళ్లకి ఒక తలుపు తెరవడం. ప్రమాదం కూడా అక్కడే.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. బిట్‌కాయిన్ కోర్‌కి రెండు తలుపులు, అంటే పోర్టులు: 8333, 8332. మొదటిది మిగతా నోడ్‌లతో మాట్లాడటానికి. దాన్ని తెరిస్తే నెట్‌వర్క్‌కి సాయం చేసినట్టే, ఎవరైనా వచ్చి బ్లాకులు అడగొచ్చు. రెండోది ఆర్‌పీసీ, అంటే నోడ్‌కి ఆజ్ఞలిచ్చే చోటు. ఒక్క అంకె తేడా చూసి రెండూ ఒకటే అనుకుని 8332 కూడా తెరిచేసేవాళ్లున్నారు. ఆర్‌పీసీలో వెళ్లే పాస్‌వర్డ్‌కి ఏ ఎన్‌క్రిప్షనూ లేదు. ఒకప్పుడు ఉన్న ఎస్‌ఎస్‌ఎల్ ఎన్‌క్రిప్షన్ సదుపాయాన్ని కూడా 2016లో వచ్చిన 0.12 వెర్షన్‌లో తీసేశారు. దీన్ని ఇంటర్నెట్ మీద పెట్టకండి అని దాని భావం. కోర్ తనంతట తాను సొంత యంత్రం నుంచి వచ్చే ఆర్‌పీసీ అభ్యర్థనలనే వింటుంది. ఆ కట్టుదిట్టాన్ని మనమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి సడలిస్తాం.

సడలిస్తే ఏమవుతుందో ఈథీరియం వాళ్లు ఖరీదైన పాఠం చెప్పించుకున్నారు. గెత్ నోడ్‌కి ఆజ్ఞలు వెళ్లే పోర్ట్ 8545. అప్పట్లో కీస్ కూడా నోడ్‌లోనే పెట్టుకుని, పంపే ముందు ఖాతాని పాస్‌వర్డ్‌తో అన్‌లాక్ చేసే అలవాటుండేది. దొంగలు ఇంటర్నెట్ అంతా 8545 కోసం గాలించి, తెరిచి ఉన్నచోట కాచుకుని కూర్చున్నారు. యజమాని ఖాతా అన్‌లాక్ చేసిన ఆ కాసేపట్లోనే తమ ఆజ్ఞ దూర్చేవాళ్లు. 2018 జూన్‌లో 360 నెట్‌ల్యాబ్ పరిశోధకులు చూపించిన ఒక్క దొంగ అడ్రస్‌లోనే 38 వేలకు పైగా ఈథర్ పోగైంది. అప్పటి ధరలో అది రెండు కోట్ల డాలర్ల పైమాట. ఇక్కడ పోర్ట్ తెరవడం ఒక తప్పు, కీస్ నోడ్‌లో పెట్టడం ఇంకో తప్పు. రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ డబ్బు పోయేది కాదు.

"నేను ఆర్‌పీసీ తెరవను, ఎలక్ట్రమ్ సర్వర్ తాలూకు 50002 మాత్రమే తెరుస్తాను, దానికి ఎస్‌ఎస్‌ఎల్ కూడా ఉంది" అనొచ్చు. ఇది అంత ప్రమాదం కాదు, ఒప్పుకుంటాను. దాని ద్వారా డబ్బు పోదు. కానీ ఆ పోర్ట్ అడిగిన ప్రతివాడికీ జవాబిస్తుంది: ఇక్కడ ఫలానా సర్వర్ ఉంది, వెర్షన్ ఇది అని. ఇంటర్నెట్ మీద తెరిచి ఉన్న పోర్టులని ఎప్పటికప్పుడు తిరిగి రాసుకునే షోడాన్ లాంటి సెర్చ్ ఇంజన్లున్నాయి. ఐపీ మారిపోతుంటుందని డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు పెట్టుకుంటే, ఆ పేరు మీ ఇంటి ఐపీని ఎప్పటికప్పుడు చెబుతూనే ఉంటుంది. దానికి పద్ధతిగా లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే, ఆ పేరు పబ్లిక్ సర్టిఫికెట్ లాగ్‌లలోకి ఎక్కుతుంది. సబ్‌డొమైన్‌కి బిట్‌కాయిన్ అనో నోడ్ అనో పేరు పెట్టినవాళ్లు ఈ ఇంట్లో ఏముందో తామే ఊరంతా చాటింపు వేసినట్టు. గోప్యత కోసం మొదలుపెట్టిన పని గోప్యతనే తినేయడం కన్నా వింత ఏముంది?

అందుకే దారి వేయడానికి నా దృష్టిలో ఉన్నవి రెండే: మజిలీలు మారుస్తూ ఆచూకీ దాచే టోర్ నెట్‌వర్క్, ఎన్‌క్రిప్ట్ చేసిన సొరంగం కట్టే వీపీఎన్ అయిన వైర్‌గార్డ్.

రెడీమేడ్ నోడ్ పెట్టెల్లో, అంబ్రెల్ అయినా స్టార్ట్‌నైన్ అయినా రాస్పీబ్లిట్జ్ అయినా, టోర్ దారి ముందే సిద్ధంగా ఉంటుంది. ఎలక్ట్రమ్ సర్వర్‌కి ఒక ఆనియన్ అడ్రస్ వస్తుంది. 56 అక్షరాలు, చివర డాట్ ఆనియన్. ఆ అక్షరాల్లోనే పబ్లిక్ కీ ఉంటుంది కాబట్టి విడిగా సర్టిఫికెట్ అక్కర్లేదు. సరైన అడ్రస్‌కి వెళ్లామంటే సరైన యంత్రానికే వెళ్లినట్టు. రూటర్‌లో ఏమీ తెరవక్కర్లేదు, ఇంటి ఐపీ ఎవరికీ తెలియదు. ఇబ్బందల్లా వేగం. మన వైపు మూడు, నోడ్ వైపు మూడు, మొత్తం ఆరు మజిలీలు దాటి వెళ్లాలి. పైన చెప్పినట్టు వాలెట్ అడిగేవి చిన్న చిన్న ప్రశ్నలే అయినా సంఖ్యలో ఎక్కువ. అడ్రస్‌లు చాలా ఉన్న పాత వాలెట్ తెరిచి టోర్ మీద ఎదురుచూడటం ఓపికకి పరీక్షే. 2022, 23ల్లో టోర్ నెట్‌వర్క్ మీద నెలల తరబడి దాడులు జరిగినప్పుడైతే చాలా ఆనియన్ సేవలు అసలు తెరుచుకునేవే కావు. 2023 ఆగస్టులో వచ్చిన 0.4.8 వెర్షన్‌లో ఇందుకు విరుగుడుగా ప్రూఫ్ ఆఫ్ వర్క్ (కనెక్ట్ అయ్యేవాడు ముందు కొంత లెక్క చేయాలి) పెట్టారు.

వేగం పేరుతో టోర్‌ని తీసిపారేయను. కానీ నెమ్మదిగా ఉండే దారిని మనుషులు వదిలేస్తారు. బిల్లు కట్టే కౌంటర్ దగ్గర నిలబడి, చక్రం తిరుగుతూనే ఉంటే, సెట్టింగ్స్‌లోకి వెళ్లి పబ్లిక్ సర్వర్ ఎంచుకోవడానికి పది సెకన్లు చాలు. ఆ పది సెకన్లలో నోడ్ పెట్టిన శ్రమంతా నీళ్లపాలు. రోజూ వాడే దారి ఆలోచించకుండానే పనిచేయాలి. అందుకే రోజువారీకి నేను వైర్‌గార్డ్ అంటాను, టోర్‌ని రెండో దారిగా ఉంచుకోమంటాను.

వైర్‌గార్డ్ 2020 మార్చిలో 5.6 వెర్షన్‌తో లైనక్స్ కెర్నల్‌లోకి చేరింది. కోడ్ చిన్నది, నాలుగు వేల లైన్ల లెక్క. నాకు నచ్చేది దాని మౌనం. దీనికీ రూటర్‌లో ఒక యూడీపీ పోర్ట్, మామూలుగా 51820, తెరవాల్సిందే. కానీ సరైన కీ లేనివాడు ఎంత తట్టినా అది పలకదు, కాదనీ అనదు. ఎన్నాళ్లుగానో మనుషుల్లేని ఇంటి తలుపు తట్టినట్టే ఉంటుంది అవతలివాడికి. గాలించేవాళ్లకి అక్కడేదో ఉందన్న ఆచూకీ కూడా దొరకదు. 50002 తెరవడానికీ దీనికీ తేడా అదే.

ఫోన్‌లో పెట్టుకునే కాన్ఫిగరేషన్ పది లైన్లకి మించదు. ఫోన్‌కి ఒక కీ జత, నోడ్‌కి ఒక జత. పబ్లిక్ కీస్ అటూ ఇటూ మార్చుకోవాలి. అందులో శ్రద్ధ పెట్టాల్సింది అనుమతించిన ఐపీల వరుస మీద. చాలామంది అక్కడ 0.0.0.0/0 అని పెట్టేస్తారు. అప్పుడు ఫోన్‌లోని వీడియోలు, మెయిళ్లు, మ్యాపులు అన్నీ ఇంటికి వెళ్లి ఇంటి నుంచి బయటికి పోతాయి. బ్యాటరీ అరుగుతుంది, ఇంట్లో కరెంటు పోతే ఫోన్‌లో ఇంటర్నెట్టే ఉండదు, విసిగిపోయి వీపీఎన్ ఆపేస్తారు. అక్కడ నోడ్ ఒక్కదాని అడ్రస్, ఉదాహరణకి 10.8.0.1/32, పెడితే వాలెట్ మాటలు మాత్రమే సొరంగంలోంచి వెళ్తాయి. మిగతా ఫోన్‌కి సొరంగం ఉన్నట్టే తెలియదు. అలా పెట్టి ఎప్పుడూ ఆన్‌లోనే వదిలేయొచ్చు. నోడ్ వైపు ఫైర్‌వాల్‌లో ఆ సొరంగం నుంచి ఎలక్ట్రమ్ పోర్ట్‌కి మాత్రమే అనుమతి ఇవ్వండి. ఫోన్ పోయినా, దొరికినవాడికి ఆర్‌పీసీ దాకా, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి యంత్రంలోకి లాగిన్) దాకా దారి ఉండకూడదు. పోయిన ఫోన్ పబ్లిక్ కీని నోడ్‌లోంచి తీసేస్తే ఆ ఫోన్ కథ అయిపోతుంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, చాలా ఇళ్లకి ఇవాళ సొంత పబ్లిక్ ఐపీ లేదు. ఐపీవీ4 అడ్రస్‌లు చాలక, ఒక్కదాన్నే వందలమందికి పంచుతున్నారు. రూటర్‌లో కనిపించే బయటి ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే మీరూ ఆ పంపకంలోనే ఉన్నట్టు. 2012లో ఆ వరసని ఇందుకోసమే కేటాయించారు. అక్కడ పోర్ట్ ఫార్వార్డింగ్ ఎంత చేసినా వృథా. ఐపీవీ6 రెండు వైపులా ఉంటే గండం గట్టెక్కుతుంది. లేకపోతే చిన్న వీపీఎస్ (డేటాసెంటర్‌లో ఉండే వర్చువల్ సర్వర్) అద్దెకి తీసుకుని నోడ్, ఫోన్ రెండూ అక్కడ కలుసుకునేలా చేస్తారు. ఇందులో ఒక మెలిక ఉంది. వీపీఎస్ మధ్యలో వైర్‌గార్డ్ కూడలిగా ఉంటే, ఫోన్ నుంచి వచ్చింది అక్కడ విప్పబడి, మళ్లీ కట్టబడి నోడ్‌కి వెళ్తుంది. విప్పిన ఆ క్షణంలో లోపలున్నది ఆ యంత్రానికి కనబడుతుంది. కాబట్టి సొరంగంలో కూడా ఎన్‌క్రిప్షన్ లేని 50001 కాకుండా ఎస్‌ఎస్‌ఎల్ ఉన్న 50002నే వాడాలి. లేదా వీపీఎస్‌ని ప్యాకెట్లు అటునుంచి ఇటు నెట్టడానికే పరిమితం చేసి, సొరంగం ఫోన్ నుంచి నోడ్ దాకా ఒకటే ఉండేలా కట్టాలి.

ఈ తలనొప్పి పడలేనివాళ్లకి టెయిల్‌స్కేల్ అనే సేవ ఉంది. లోపల వైర్‌గార్డే. ఎవరి పబ్లిక్ కీ ఏదో పంచిపెట్టే పని మాత్రం కంపెనీ సర్వర్‌ది. నేరుగా దారి దొరక్క మధ్యలో వాళ్ల రిలే వాడినా, ట్రాఫిక్ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. నమ్మకం పెట్టాల్సింది ఒక్కచోట: ఆ సర్వర్ మన నెట్‌వర్క్‌లోకి పరాయి యంత్రాన్ని దూర్చదని. దూర్చకుండా చూడటానికి వాళ్లే ఒక లాక్ సదుపాయం ఇచ్చారు. ఆ సర్వర్‌నే సొంతంగా నడుపుకోవాలంటే హెడ్‌స్కేల్ ఉంది. నమ్మకమే వద్దనుకుని నోడ్ పెట్టినవాళ్లు ఇది చూసి మూతి విరుస్తారు. నేను విరవను. పరాయి సర్వర్‌కి అడ్రస్‌ల జాబితా ఇవ్వడంతో పోలిస్తే, నా ఫోన్, నా నోడ్ ఒక నెట్‌వర్క్‌లో ఉన్నాయని ఒక కంపెనీకి తెలియడం చాలా చిన్న విషయం. వెబ్ టన్నెల్ సేవలు మాత్రం వేరు. వాటిలో టీఎల్‌ఎస్ (ఎస్‌ఎస్‌ఎల్ కొత్త రూపం) సాధారణంగా మధ్యలో కంపెనీ దగ్గరే విప్పబడుతుంది. అది ఈ పనికి పనికిరాదు.

దారి వేశాక వాలెట్ ఆ దారినే వెళ్తోందా అన్నది ఇంకో ప్రశ్న. ఎలక్ట్రమ్‌లో సొంత సర్వర్ అడ్రస్ రాసి ఊరుకుంటే చాలదు. సర్వర్‌ని దానంతట అదే ఎంచుకునే గడి టిక్ చేసి ఉంటే, మీ నోడ్ పలకని మరుక్షణం అది ఇంకొకరి దగ్గరికి వెళ్తుంది. అది తీసేసినా, హెడర్లు సరిచూసుకోవడానికి మరికొన్ని సర్వర్లతో మాట్లాడుతూనే ఉంటుంది. ఒకే సర్వర్‌కి కట్టుబడమని విడిగా చెప్పాలి. స్పారో ఈ విషయంలో నిజాయితీగా ఉంటుంది: పబ్లిక్ సర్వర్ అయితే పసుపు, సొంత కోర్ అయితే ఆకుపచ్చ, సొంత ఎలక్ట్రమ్ సర్వర్ అయితే నీలం రంగు చూపిస్తుంది.

ఏ వాలెట్‌కైనా పనికొచ్చే పరీక్ష ఒకటుంది. ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీదికి రండి. నోడ్‌లో ఎలక్ట్రమ్ సర్వర్‌ని ఆపేయండి. ఇప్పుడు వాలెట్‌ని పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. అది కనెక్ట్ కాలేదని మొర్రోమంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. ఏమీ జరగనట్టు కనెక్టెడ్ అని చూపిస్తూ కొత్త బ్లాక్ సంఖ్య కూడా చెబుతుంటే, ఇన్నాళ్లూ అది ఎవరితో మాట్లాడిందో ఆలోచించుకోవాలి. చాలామంది కనెక్ట్ అవుతుందా లేదా అని పరీక్షిస్తారు. కనెక్ట్ కాకూడని చోట కావడం లేదని చూసుకునేవాళ్లు తక్కువ.

ఇంత చేసి, పంపిన ట్రాన్సాక్షన్ ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని లావాదేవీలు వెతికే పబ్లిక్ ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో పేస్ట్ చేసేవాళ్ల గురించి వేరే చెప్పాలా? వాలెట్‌లోనే ఆ ట్రాన్సాక్షన్ మీద నొక్కితే నేరుగా ఎక్స్‌ప్లోరర్ తెరుచుకునేలా ఉంటుంది, అదొక ఉచ్చు. మెంపూల్ ఎక్స్‌ప్లోరర్‌ని నోడ్ మీదే పెట్టుకోవచ్చు, ఫైర్‌వాల్‌లో దాని పోర్ట్‌కి కూడా అనుమతి ఇచ్చి అదే సొరంగంలోంచి చూసుకోవచ్చు.

బిట్‌కాయిన్ మీదే చెల్లింపులు వేగంగా జరిపే లైట్నింగ్ నెట్‌వర్క్ దగ్గరికొచ్చేసరికి నేను ఇప్పటిదాకా చెప్పిన విభజన చెదిరిపోతుంది. అక్కడ నోడే వాలెట్. కీస్ దాంట్లోనే, అదీ ఎప్పుడూ తెరిచే ఉంటాయి. జ్యూస్ (Zeus) లాంటి యాప్‌తో ఇంటి ఎల్‌ఎన్‌డీ (లైట్నింగ్ సాఫ్ట్‌వేర్) నోడ్‌కి కనెక్ట్ అవడానికి ఒక క్యూఆర్ స్కాన్ చేస్తాం కదా, అందులో సర్వర్ అడ్రస్, సర్టిఫికెట్‌తో పాటు మెకరూన్ అనే అధికార పత్రం ఉంటుంది. అడ్మిన్ మెకరూన్ అయితే అది ఎవరి చేతిలో ఉంటే, నోడ్‌ని చేరగలిగితే చాలు, డబ్బు వాళ్లది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి చాట్‌లో తమకి తామే పంపుకునేవాళ్లని చూశాను. సీడ్ పదాలని అలా ఎవరూ పంపుకోరు మరి. ఇక్కడ చేయగలిగింది అధికారాన్ని కుదించడం. ఇన్‌వాయిస్‌లు తయారుచేయడానికి మాత్రమే పనికొచ్చేది, చూడటానికి మాత్రమే పనికొచ్చేది అంటూ మెకరూన్లు వేరువేరుగా ఉన్నాయి. దుకాణం కౌంటర్ మీది ఫోన్‌కి ఇన్‌వాయిస్‌ది చాలు. ఖర్చుపెట్టే అధికారం ఉన్న ఫోన్ ఒక్కటే ఉండాలి, ఛానెళ్లలో (లైట్నింగ్ డబ్బు ఉండే చోట) ఉన్నది పోయినా తట్టుకోగలిగినంతే ఉండాలి.

పొదుపు వాలెట్ సంగతికొస్తే, దానికి అసలు బయటి నుంచి దారి ఎందుకు అని నేనడుగుతాను. సంవత్సరాల తరబడి కదపని కాయిన్ల బ్యాలెన్స్‌ని బస్సులో కూర్చుని చూడాల్సిన అవసరం ఎవరికీ లేదు. వాచ్-ఓన్లీగా ఫోన్‌లో పెట్టుకున్నా ఆ ఫోన్‌లో ఎక్స్‌పబ్ (అడ్రస్‌లన్నీ పుట్టించే పబ్లిక్ కీ) ఉంటుంది. అది చేతికి చిక్కినవాడికి, మిమ్మల్ని ఆపి ఫోన్ తెరిపించినవాడికి, ఉన్నదెంతో కళ్లముందు కనిపిస్తుంది. ఎవరి దగ్గర ఎంతుందో తెలిస్తే జరిగే ప్రమాదాలు కంప్యూటర్‌కి సంబంధించినవి కావు. దాన్ని ఇంట్లో, ఇంటి నెట్‌వర్క్‌లో, ఒక్క డెస్క్‌టాప్‌లో చూసుకుంటే చాలు. సొరంగం రోజువారీ ఖర్చుల వాలెట్‌కే.

మీరు దూరంగా ఉన్నప్పుడు నోడ్ ఆగిపోయే రోజు కూడా వస్తుంది. కరెంటు పోతుంది, డిస్క్ చస్తుంది, రూటర్ మొరాయిస్తుంది. డబ్బు నోడ్‌లో లేదు కాబట్టి కంగారు లేదు, ఇంటికెళ్లి చూసుకోవచ్చు. అప్పుడే ఎవరికో పంపి తీరాల్సి వస్తేనే ఇబ్బంది. ఖర్చు వాలెట్‌ని ఆ ఒక్కసారికి పబ్లిక్ సర్వర్‌కి తిప్పితే, ఆ ఒక్కసారిలోనే దాని చరిత్రంతా వెళ్లిపోతుంది. అందుకని వేరే సీడ్‌తో ఒక చిన్న వాలెట్ విడిగా ఉంచుకోవడం మంచిది. దాంట్లో పెద్దగా ఏమీ ఉండదు, మిగతా వాలెట్ల కాయిన్లతో కలవదు. దానికి పబ్లిక్ సర్వరే పెట్టుకోవచ్చు, వీలైతే టోర్ మీద.